పంచదార చేప

పోయిన శనివారం మా అక్క మనవరాలి సీమంతానికి వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి నా నోట్లో ఒక పాడు రుచి ఉండిపోయింది, ఎన్నిసార్లు పుక్కిలించినా పోవడం లేదు. నా ఈడు వాళ్ళకైతే నా బాధ అర్థమవుతుంది కనక మొదట్నుంచీ చెబుతాను. హెర్న్‌డన్‌లో పెద్ద బాంక్వెట్ హాలు, నేనుండే మా అబ్బాయి ఇంటికి దగ్గరే. సీమంతం అనకూడదట, బేబీ షవర్ అనాలట, దానికి ఒక థీమ్ ఉండాలట, ఈసారి థీమ్ జపనీస్ గార్డెన్ అట. పేరేదైతేనేం, పిల్లకి గాజులు తొడిగి నాలుగు అక్షింతలు వేస్తారు కదా అనుకుని పట్టుచీర కట్టుకుని బయలుదేరాను. గుమ్మంలో ప్లాస్టిక్ వెదురు, లోపల కాగితపు గొడుగులు, అద్దెకు తెచ్చిన చెక్క వంతెన, దాని కింద నీళ్ళకి బదులు పరిచిన నీలం గుడ్డ. వంతెన దిగగానే ఒక పొడుగాటి బల్ల, ఆ బల్ల వెనక బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలతో ఒక బోర్డు. ‘ఒకాషి బార్’ అని.

ఆ మాట చూసి ముందు నాకు సంతోషమే వేసింది. మిఠాయికి జపాను మాట అది, ముప్ఫై ఏళ్ళ కిందట నాకు అన్నం పెట్టిన మాట. కాని ఆ సంతోషం బల్ల దగ్గరికి నడిచేంత సేపు కూడా నిలవలేదు. గులాబీ రంగు పిండిముద్దలు, వాటి మీద చల్లిన బంగారు పొడి, పుల్లలకు గుచ్చిన గులాబ్‌జామూన్లు, జెల్లీలో ఇరుక్కున్న పువ్వులు, కుండీల్లోంచి మొలిచినట్టు పీచుమిఠాయి. తినేవాళ్ళు లేరు, ఫోటోలు దిగేవాళ్ళు మాత్రం వరస కట్టి నిలబడ్డారు. ఒకావిడ పిండిముద్దని పెదవుల దగ్గర పెట్టుకుని ఫోటో దిగి, అంచు కొంచెం కొరికి, లిప్‌స్టిక్ అంటిన మిగతా ముక్కని మళ్ళీ తట్టలోనే, మంచివాటి పక్కనే పెట్టేసింది. ఎంగిలి అన్నదానికి ఇంగ్లీషులో మాట లేదు కనక ఈ దేశంలో ఎంగిలి కూడా ఉండదనుకుంటారు కాబోలు. ఇంకొక తల్లి తన పిల్లవాడు ఉమ్మేసిన దాన్ని టిష్యూలో చుట్టి బొన్సాయ్ కుండీ వెనక్కి తోసింది. చెత్తబుట్ట మూత పడటం లేదు, అందులోంచి రంగురంగుల పాకం కారుతోంది.  నా మొహం చూసి పక్కనున్న అమ్మాయి జాలిపడి, “ఆంటీ, ఇవి టేస్ట్ కోసం కాదు, జస్ట్ ఈస్థెటిక్. మీకో పిక్ తీయనా?” అంది.

పైన పటారం లోన లొటారం అని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా! అసలు ఆ ఒకాషి అన్న మాటకే ఈమధ్య పట్టిన గతి చూస్తే రోత పుడుతుంది. మా కోడలి గోళ్ళరంగు సీసా మీద ఒకాషి, స్నానాలగదిలో వెలిగించే వాసన కొవ్వొత్తి మీద ఒకాషి, చివరికి పక్కింటి కుక్క తినే బిస్కట్ల డబ్బా మీద కూడా ఒకాషి. తియ్యగా, ముద్దుగా, గులాబీ రంగులో ఉంటే చాలు, ఆ పేరు అతికించేస్తున్నారు. వాళ్ళ భాషలో కాషి అంటే పూర్వం చెట్టున కాసిన పండూ కాయానట, పంచదార వాళ్ళ దేశానికి చేరాక ఆ మాట తీపి పదార్థాలకు వచ్చిందట. మనం ఫలహారం అంటూ ఉప్మా తినడం లేదూ, అలాగే. మనం మనిషి పేరు చివర గారు చేర్చినట్టు వాళ్ళు ఆ మాటకి ముందు ఒక మర్యాద అక్షరం చేర్చి ఒకాషి అంటారు. తినే వస్తువుకి మర్యాద ఇచ్చి పిలిచే జాతి నుంచి మాట అరువు తెచ్చుకుని, దాన్ని తీసుకెళ్ళి చెత్తబుట్ట పక్కన నిలబెట్టారు.

ఇంతవరకైతే నోరు మూసుకుని అక్షింతలు వేసి వచ్చేసేదాన్నే. బల్ల చివర, అన్నిటికన్నా ఎత్తయిన పీట మీద, గాజుపెట్టెలో అమర్చినవి చూసేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. తెల్లవీ పసుపువీ లేత గులాబీవీ పంచదార తామరలు, మధ్యలో పంచదార చామంతులు. వాటి మీద కూడా ఆ దిక్కుమాలిన బంగారు పొడే. అవేమిటో ఆ హాల్లో ఉన్న అంతమందిలో నాకొక్కదానికే తెలుసు. జపాను వాళ్ళు ఇంట్లో పోయినవాళ్ళ పటం ముందు, పూజాపీఠం మీద పెట్టే మిఠాయి అది. మనవాళ్ళు తద్దినానికి చేసే గారెల్లాంటిది. దాన్ని తెచ్చి కడుపుతో ఉన్న పిల్ల సీమంతంలో అందరికన్నా ఎత్తున కూర్చోబెట్టారు.

ఆ పిల్లకి ఇది రెండో కడుపు. మొదటిది నిరుడు నిలవలేదు. అప్పట్నుంచి దాని తల్లి, అంటే మా అక్క కూతురు, తుమ్మితే ఆగుతుంది, పిల్లి ఎదురైతే కారు వెనక్కి తిప్పుతుంది. ఇక్కడే చదువుకుని పెద్ద ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి, కూతురు విషయం వచ్చేసరికి మా అమ్మమ్మ కన్నా వెనక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను నోరు తెరిచి ఇవి ఇలాంటివి అని ఒక్క మాట అంటే ఆ తల్లీకూతుళ్ళకి పురుడయ్యే దాకా నిద్ర ఉండదు. అనకపోతే ఆ పిల్ల కాసేపట్లో వచ్చి అందులోంచి ఒకటి నోట్లో వేసుకుంటుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన బతికున్న రోజుల్లో ఊరంతా చెప్పేవారు. అలాంటిదాన్ని అక్కడ నిలబడి ఆ గాజుపెట్టె వంక చూస్తూ నోరు కట్టేసుకున్నాను.

డెకరేషన్ చేసిన అమ్మాయిని పిలిచి ఇవెక్కడివమ్మా అని మాత్రం అడిగాను. “ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశామండీ ఆంటీ. లోటస్ కదా, లక్ష్మీదేవిది, మన ట్రెడిషన్‌కి కూడా మ్యాచ్ అవుతుందని స్పెషల్‌గా పెట్టాం,” అంది గర్వంగా. నాకు నవ్వు రావలసింది, రాలేదు. ఎందుకంటే ఈ మాటే, ఇంచుమించు ఇలాగే, మా అక్క నోట ఒకసారి విన్నాను.

అక్కకీ నాకూ మధ్య ఒక తరం తేడా. నేను పుట్టేసరికే అక్కకి పెళ్ళయిపోయింది, దాని కూతురూ నేనూ ఇంచుమించు ఒక జట్టు పిల్లలం. అక్క స్పాన్సర్ చేస్తేనే నేనూ మా ఆయనా ఈ దేశం వచ్చాం. ఐసెలిన్‌లో అక్క ఇంటి బేస్‌మెంట్‌లో దిగాం. ఇప్పుడు ఆ ఊళ్ళో ఓక్ ట్రీ రోడ్ మీద నడిస్తే చీరల కొట్లూ నగల కొట్లూ తోసుకుంటున్నాయి గాని, అప్పుడు కరివేపాకు దొరికిన రోజు ఇంట్లో పండగలా ఉండేది. నా బి.ఎ. ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఉత్తరాన నది ఒడ్డున జపాను వాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళో ఒక మిఠాయి కొట్టు అద్దం మీద మనిషి కావాలన్న కాగితం అంటించారని తెలిసి, బస్సెక్కి వెళ్ళి అడిగాను. కొట్టు నడిపేది ఒక పెద్దావిడ, భర్త పోయాక ఒక్కతే నడుపుకొస్తోంది. నా ఇంగ్లీషు ఆవిడకీ ఆవిడ ఇంగ్లీషు నాకూ సగం సగమే అర్థమయ్యేవి. ఆవిడ నా చదువు అడగలేదు, చేతులు చూపించమంది. గోళ్ళు కత్తిరించుకుని ఉన్నాయో లేదో చూసి మర్నాటి నుంచి రమ్మంది.

ఆ కొట్లో మొదటి రోజులు నాకు పెద్ద పరీక్షే. ఉడుకుతున్న ఎర్ర చిక్కుడుగింజల వాసన నాకు పడేది కాదు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుందామంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. తర్వాత ఒకరోజు ఆ గింజల ముద్దలో పంచదార పడి దగ్గరపడుతుంటే, అయ్యో ఇది మన పూర్ణమే కదా, శనగపప్పు బదులు ఇంకో గింజ అంతే కదా అనిపించి ఆ ఏవగింపు కాస్తా పోయింది. కాని నాకు ప్రాణమైనవి వెనకగది అరలో వరసగా పేర్చిన చెక్క అచ్చులు. మా అమ్మమ్మ ఇంట్లో పంచదార చిలకల అచ్చులు ఉండేవి, పెళ్ళిళ్ళకీ సారెలకీ ఊళ్ళోవాళ్ళు అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. మనం పాకం కాచి పోస్తాం. వాళ్ళు కాచరు. మెత్తటి పంచదారలో వేయించిన బియ్యప్పిండి కలిపి, నీటి తడి చూపించీ చూపించనట్టుగా చూపించి, అరచేతుల మధ్య రుద్ది జల్లించి, అచ్చులో నొక్కుతారు. చలిమిడిని తడి లేకుండా చేసినట్టు ఉంటుంది. అచ్చు బోర్లించి వీపు మీద చిన్న చెక్కతో తట్టగానే పువ్వు కింద పడేది. రకుగాన్ అంటారు దాన్ని. పడిన పువ్వు రేకు విరిగితే ఆవిడ కోప్పడేది కాదు. నా చేతులు మళ్ళీ తన చేతుల్లోకి తీసుకుని, ఎంత బలంగా నొక్కాలో నా అరచేతిలో నొక్కి చూపించేది.

ఆవిడ దగ్గర మిఠాయి అమ్మడం కూడా ఒక పద్ధతిగా ఉండేది. ఎవరైనా వచ్చి ఫలానాది కావాలంటే, ఎందుకు అని అడిగేది. పుట్టినరోజా, చుట్టపుచూపా, ఇంట్లో పూజా? దాన్ని బట్టి ఇచ్చేది, ఒక్కోసారి అడిగింది ఇవ్వకుండా వేరేది ఇచ్చేది. నాకది విడ్డూరంగా ఉండేది. డబ్బిస్తాం, కావలసింది పట్టుకెళ్తాం, ఎందుకని అడిగే హక్కు కొట్టువాళ్ళకి ఎవరిచ్చారు? పిల్లలు బంగాళాదుంప చిప్సు పొట్లాన్ని పట్టుకుని ఒకాషి అని పిలిస్తే ఆవిడ మొహం ముడుచుకునేది. మా దేశంలోనూ ఇప్పుడు అన్నిటినీ ఇలాగే అంటున్నారని విసుక్కునేది. అప్పుడు ఆవిడది చాదస్తమనుకున్నాను.

ఆ ఏడు శ్రావణంలో అక్క కూతురికి సీమంతం పెట్టుకున్నారు. అదే నెలలో జపాను వాళ్ళకి పెద్దలను తలుచుకునే పండగ ఒకటి వస్తుంది. కొట్లో ఎప్పుడూ లేనంత పని, తామరలూ చామంతులూ నొక్కీ నొక్కీ నా చేతులు మొద్దుబారిపోయాయి. అవి ఎందుకో నాకు తెలీదు, పండగ మిఠాయి అనుకున్నాను. పండగ అయిపోయాక మిగిలిన ఒక పెట్టె ఆవిడ నాకిచ్చి ఇంటికి పట్టుకెళ్ళమంది. ఆ సాయంత్రం అక్క ఆ పెట్టె మూత తీసి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సారెలో పంచదార చిలకలు లేవే, ఈ దేశంలో ఎక్కడ దొరుకుతాయే అని వారం రోజులుగా బెంగపెట్టుకుని ఉంది మరి. “చూశావుటే, లక్ష్మీదేవే వెతుక్కుంటూ వచ్చింది. తామరలే!” అని పొంగిపోయి, వాటిని వెండిపళ్ళెంలో చలిమిడి పక్కన గోపురంలా పేర్చింది. నాకూ బాగానే ఉందనిపించింది. పైగా నా చేత్తో చేసినవి కదా, గర్వంగా కూడా ఉంది.

సీమంతానికి మా పెద్దావిడని నేనే పిలిచాను. బూడిదరంగు కిమోనోలో, చేతిలో చిన్న గుడ్డమూట పట్టుకుని వచ్చింది. అక్క ఎదురెళ్ళి బొట్టు పెట్టింది, ఆవిడ నుదురు వంచి పెట్టించుకుంది. తరవాత పేరంటాళ్ళందరితో పాటు సారె చూడటానికి లోపలికి వచ్చి, ఆ వెండిపళ్ళెం ముందు ఆగింది. ఆవిడ మొహంలో రంగు మారడం నేనొక్కదాన్నే చూశాను. పీటల మీద కూర్చున్న పిల్ల వైపు చూసింది, మళ్ళీ పళ్ళెం వైపు చూసింది. నాకేమీ అర్థం కాలేదు, ఏదో తప్పు జరిగిందని మాత్రం అనిపించింది. అప్పుడావిడ అందరికంటే ముందు ఒక తామర తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, మొత్తం తినేసింది. తిని, కడుపుతో ఉన్న పిల్లకి నడుం వంచి నమస్కారం చేసింది. “వెరీ గుడ్. హ్యాపీ బేబీ,” అంది. అక్క మురిసిపోయి ఆవిడకి రెండు జాకెట్టుముక్కలు పెట్టింది.

రెండు రోజుల తర్వాత కొట్టుకి వెళ్తే ఆవిడ నా చేతిలో ఒక పెట్టె పెట్టి ఇది మీ అక్క ఇంటికి అంది. మూత తీస్తే చేప. అరచేయంత చేప, ఒంటి మీద ప్రతి పొలుసూ లెక్కగా, తోక పైకెత్తి, లేత ఎరుపు రంగులో, పంచదారతో చేసినది. అప్పుడు చెప్పింది, తామరలు ఎవరికి పెట్టేవో, చేప ఎవరికి పెట్టేదో. వాళ్ళలో శుభానికి ఎర్ర చేప. పెళ్ళికీ పురుడుకీ అదే. తన అత్తగారి కాలం నాటి అచ్చట, ఏళ్ళ తరబడి బయటికి తీయలేదట.  ఏడుపు మొహంతో ఇప్పుడే అక్కకి ఫోన్ చేస్తానన్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని ఆపింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను: మా ఇళ్ళల్లో కూడా పూజ అయ్యాక ఆ తామరలు పిల్లలే తింటారు, పోయినవాళ్ళు పిల్లలకి కీడు చేస్తారా, కీడంతా నువ్వు వెళ్ళి చెప్పే మాటలో ఉంది, చెప్పకు. మరి మీరెందుకు ముందు తిన్నారు అని అడిగితే, అది పెద్దవాళ్ళకి పెట్టేది కదా, ఆ గదిలో అందరికన్నా పెద్దదాన్ని నేనే కదా అని నవ్వింది.

చేప పట్టుకుని ఇంటికి వెళ్ళాను. మా ఇంటా వంటా మాంసం లేదు, గుడ్డు వాసన తగిలితే అక్క వంటిల్లు కడిగేది. పెట్టె మూత తీసి చూసి, అది నిజంగా ఎగిరి మీద పడినట్టు వెనక్కి గెంతింది. “ఛీ ఛీ, కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో చేపేమిటే! ఆవిడకి బుద్ధి లేకపోతే నీకైనా ఉండక్కర్లా?” అంది. పంచదారే అక్కా అంటే వినదు, ఆకారం చాలదుటే అంటుంది. పోయినవాళ్ళకి పెట్టే పువ్వులని వెండిపళ్ళెంలో కూర్చోబెట్టి, శుభం కోరి పంపిన దాన్ని పట్టకారుతో పట్టుకుని గరాజ్‌లో పెయింటు డబ్బాల పక్కన పెట్టింది. నిజం చెబుతున్నాను, ఆ పట్టకారు చూసి నాకు మా అక్క మీద పుట్టిన అసహ్యం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఒక్క మాట చెబితే దాని మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకున్నాను కూడా. కాని చెప్పలేదు. ఆ గదిలో అందరికన్నా ముందు తామర తిన్న ఆవిడ మొహం గుర్తొచ్చి ఊరుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత గరాజ్‌లోకి వెళ్తే అక్క కూతురు అక్కడ బియ్యం బస్తా మీద కూర్చుని ఉంది. చేపకి తోక లేదు, నడుం దాకా లేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి వేవిళ్ళ కోరిక ఎలా ఉంటుందో తెలుసు కదా. మూతంతా ఎర్రటి పంచదార పూసుకుని, “పిన్నీ, అమ్మకి చెప్పకు. రోజూ కొంచెం తింటున్నాను, ఎంత బాగుందో!” అంది. నేనూ దాని పక్కన కూర్చున్నాను. ఒక్క మొప్ప ముక్క నాకు పెట్టి తల కూడా అదే తినేసింది. ఆ కాన్పులో పుట్టినదే ఈ పిల్ల, పోయిన శనివారం వంతెన పక్కన ఉయ్యాలకుర్చీలో కూర్చున్నది.

ఆ కొట్టు ఎప్పుడో మూతపడింది. పెద్దావిడ తన అన్నగారి పిల్లల దగ్గరికి వెళ్ళిపోతూ ఆ చేప అచ్చు నాకిచ్చింది. మా ఆయన పోయాక నేను హెర్న్‌డన్ వచ్చేటప్పుడు సామానంతా తగ్గించుకున్నాను గాని అచ్చు మాత్రం చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. నాలుగేళ్ళ కిందట అక్క కూడా పోయింది. వెండిపళ్ళెంలో తాను పేర్చినవేమిటో దానికి ఎప్పటికీ తెలియలేదు.

ఇదంతా తలుచుకుంటూ నిలబడే ఉన్నాను, ఇంతలో ఆ పిల్ల పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బల్ల దగ్గరికి రానే వచ్చింది. వెనక దాని తల్లి, తల్లి వెనక కెమెరా. గాజుపెట్టె తెరిచి ఒక తెల్ల తామర చేతిలోకి తీసుకుని, “చిన్నమ్మమ్మా, ఇది సో ప్రెట్టీ! ఇది ఏంటి? మీకు తెలుసు కదా, యూ వర్క్డ్ దేర్,” అంది. తల్లి కూడా నా వంకే చూస్తోంది. దాని కళ్ళు నిరుటి నుంచీ అలాగే ఉన్నాయి, ఎవరు ఏ చెడ్డమాట చెబుతారో అని ముందే భయపడుతూ. ఆ డెకరేషన్ పిల్లని, ఆ ఎంగిలి తట్టని, ఆ బోర్డుని కలిపి కడిగేయాలని నా నాలుక ఎంత దురదపెట్టిందో ఆ భగవంతుడికి తెలుసు. కందకు లేని దురద కత్తిపీటకెందుకే అని నన్ను నేనే తిట్టుకున్నాను. పిల్ల చేతిలోంచి ఆ తామర తీసుకుని, “ముందు పెద్దవాళ్ళు తినాలమ్మా, అది వాళ్ళ పద్ధతి,” అని రెండు చేతులతో పట్టుకుని మొత్తం నోట్లో పెట్టుకున్నాను.

ఛీ, ఏం చెప్పను! సుద్దముక్క నయం. మిషన్ మీద చేసిన దాంట్లో బియ్యప్పిండి వాసన లేదు, చేతి తడి లేదు, పంచదార కూడా సరిగ్గా కరగడం లేదు, పైన ఆ బంగారు పొడి అంగిట్లో అతుక్కుంది. ఇన్నాళ్ళకి ఆ పువ్వు నా నోటికి వస్తే ఇలా వచ్చింది కదా అని ఏడుపొచ్చింది. మింగేసి, చాలా బాగుందమ్మా, సుఖంగా కను అన్నాను. పిల్ల నవ్వుతూ ఇంకొకటి తీసి కొంచెం కొరికి, “యక్, చాక్‌పీస్‌లా ఉంది,” అని ఉమ్మేసింది. జీవితంలో మొదటిసారి ఉమ్మేసినందుకు ఒక పిల్లని మెచ్చుకున్నాను. అందరూ నవ్వుతున్నప్పుడు దాని తల్లి నా చెవి దగ్గరికి వంగి, రహస్యంగా, “పిన్నీ, దీని సీమంతానికి చేప లేదా? ఆ అచ్చు ఉందా ఇంకా?” అని అడిగింది.

దానికేమీ తెలియదు. చేప ఎందుకు పంపారో దానికి నేనెన్నడూ చెప్పలేదు. గరాజ్‌లో బియ్యం బస్తా మీద కూర్చుని తిన్న తీపి ఒక్కటే గుర్తుంది. ఆ ఒక్క మాటకి అంతసేపూ నాకు పుట్టిన రోత చాలావరకు తగ్గింది. హాల్లోంచి వచ్చేటప్పుడు డెకరేషన్ వాళ్ళు గాజుపెట్టెని కూడా చెత్తబుట్టలో బోర్లించబోతుంటే ఆపి, లోపల ఎవరూ ముట్టని తామరలు సంచిలో వేయించుకున్నాను. ముసలావిడ పొదుపు చేసుకుంటోంది అనుకుని ఉంటారు, అనుకోనీ.

ఆదివారం పొద్దున్నే బియ్యం వేయించి, పిండి పట్టి, జల్లించాను. ముసలి చేతులు కదా, మొదటి చేప నడుం దగ్గర విరిగింది, రెండోదానికి తోక రాలేదు, మూడోది అచ్చు వీపు తట్టగానే నిక్షేపంగా కింద పడింది. సాయంత్రం మా అబ్బాయి డ్రైవ్ చేస్తే తీసుకెళ్ళి ఇచ్చాను. పిల్ల ముందు ఫోటో తీసింది, తీయకుండా ఉంటుందా! ఆ తర్వాత తల్లీకూతుళ్ళు సోఫాలో కూర్చుని తోక నుంచి మొదలుపెట్టారు. తల నాకని అట్టేపెడితే వద్దన్నాను, అది కడుపుతో ఉన్నవాళ్ళదే.

ఇంటికొచ్చాక సంచిలోని తామరల మీది బంగారు పొడి తడిగుడ్డతో తుడిచి, నా గదిలో ఉన్న అక్క పటం ముందు పెట్టాను. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగానైనా అవి చేరవలసిన చోటికి చేరాయి. చేప గోల లేదులేవే, నీకిష్టమైన తామరలే అని చెప్పాను. పటంలో అక్క ఎప్పటిలాగే మురిసిపోతూ ఉంది. ఎందుకు అని అడిగి మిఠాయి ఇచ్చే కొట్లు ఇక లేవు, అడిగితే చెప్పగల వాళ్ళమూ పలచబడిపోయాం. రేపు నా పటం ముందు ఏం పెట్టాలో ఈ పిల్లలకి ఎవరు చెబుతారో తెలియదు. తామర పెట్టినా సరే, చేప పెట్టినా సరే, ఏమీ పెట్టకపోయినా సరే, ఆ బంగారు పొడి చల్లినవి మాత్రం పెట్టవద్దని నిన్న రాత్రి మా అబ్బాయికి గట్టిగా చెప్పాను. వాడు ఫోన్ లోంచి తల ఎత్తకుండానే సరేనమ్మా అన్నాడు.